మాత్ర వేళకు ఇల్లు మారాలి: పార్కిన్సన్స్ వ్యాధితో రోజు గడిపే పద్ధతి

మా నాన్నగారికి పార్కిన్సన్స్ వ్యాధి ఉందని తేలి పదకొండేళ్లయింది. మొదటి రెండేళ్లు మేము ఆ జబ్బును చేతి వణుకుగానే చూశాము. మాత్రలను కూడా బీపీ మాత్రల్లాగే టిఫిన్ అయ్యాక ఒకటి, మధ్యాహ్నం భోజనమయ్యాక ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి ఇచ్చేవాళ్లము. మందు పనిచేయడం లేదు, మోతాదు పెంచండి అని అడగడానికి వెళ్లినప్పుడు నరాల వైద్యుడు మోతాదు జోలికి పోకుండా, "మాత్ర సరిగ్గా ఎన్ని గంటలకు వేస్తున్నారు, దానికి ముందు ఏం పెడుతున్నారు?" అని అడిగారు. వెళ్లిన ముగ్గురిలో ఎవరి దగ్గరా దానికి జవాబు లేదు. ఆ తరవాత మోతాదు పెంచకుండా వేళలు మాత్రమే మార్చాము, నెల తిరగక ముందే ఆయన తన చొక్కా గుండీలు మళ్లీ తానే పెట్టుకున్నారు. ఈ జబ్బు ఉన్న ఇంట్లో తిండి, స్నానం, నడక, చుట్టాల రాక, అన్నీ మాత్ర వేళను బట్టి సర్దుకోవాలని మాకు అప్పుడు తెలిసింది. ఇక్కడ రాస్తున్నవి ఆ తరవాతి తొమ్మిదేళ్లలో వైద్యుల దగ్గర, ఫిజియోథెరపిస్టుల దగ్గర నేర్చుకుని ఇంట్లో ఆచరించిన పద్ధతులు. మోతాదులో మార్పును మాత్రం ఎవరికి వారు తమ వైద్యుడితో మాట్లాడే నిర్ణయించుకోవాలి.

మన వైపు దీన్ని వణుకుడు రోగం అంటారు. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ దీన్ని మొదటిసారి వివరంగా వర్ణించినప్పుడు కూడా వణుకు పేరుతోనే వర్ణించాడు. కానీ కొందరికి వణుకు అసలు ఉండదు, ఉన్నవారికి కూడా రోజును కష్టం చేసేది వణుకు కంటే ఎక్కువగా మందకొడితనం, కండరాల బిగుసు. లుంగీ ముడి వేయడం, మంచంలో పక్కకు ఒత్తిగిలడం, ముద్ద నోటి దాకా చేర్చడం, కుర్చీలోంచి లేవడం వంటి పనులన్నీ ఒక్కొక్కటిగా బరువెక్కుతాయి. మెదడులో కదలికలను నడిపించే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడమే దీనికి మూలం. డోపమిన్‌నే మాత్రగా మింగితే అది రక్తం నుంచి మెదడులోకి చేరలేదు. అందువల్ల మెదడులోకి వెళ్లాక డోపమిన్‌గా మారే లెవోడోపాను, అది దారిలోనే మారిపోకుండా ఆపే కార్బిడోపాతో కలిపి ఇస్తారు. మన మందుల షాపుల్లో సిండోపా వంటి పేర్లతో దొరికేది ఇదే.

మాత్రకూ తిండికీ మధ్య

పప్పు, పెరుగు, పాలు, గుడ్డు, మాంసం అరిగాక వచ్చే అమైనో ఆమ్లాలు పేగు నుంచి రక్తంలోకి, అక్కడి నుంచి మెదడులోకి వెళ్లే దారిలోనే లెవోడోపా కూడా వెళ్లాలి. పప్పన్నం తిన్న వెంటనే వేసిన మాత్ర ఆ ద్వారం దగ్గర వరసలో వెనకబడిపోతుంది. అందుకని సాధారణంగా మాత్రను తిండికి అరగంట నుంచి గంట ముందు, లేదా తిన్న గంటకో రెండు గంటలకో ఒక నిండు గ్లాసు నీళ్లతో వేయమంటారు. మన టిఫిన్లలో ఈ లెక్క సులభంగా తప్పుతుంది: పెసరట్టు పూర్తిగా పప్పే, ఇడ్లీ దోసెల్లో మినప్పప్పు ఉంది, పక్కన వేరుశనగ చట్నీ ఉంది, వాటి పైన పాల కాఫీ. మా ఇంట్లో 6:30కి మాత్ర, 7:15 దాటాకనే కాఫీ, టిఫిన్. కాఫీ ముందు పడకపోతే ఆయనకు తోచదు, ఆ ముప్పావుగంట అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది.

మొదట్లో కొందరికి ఖాళీ కడుపున మాత్ర వేస్తే వికారం వస్తుంది. అప్పుడు రెండు బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో, ఒక అరటిపండో తిని వేయవచ్చు, వాటిలో మాంసకృత్తులు తక్కువ. పప్పు, పెరుగు పూర్తిగా మానేయడం మాత్రం తప్పు. ఈ జబ్బులో అసలే బరువు తగ్గిపోతారు, కండ కరిగితే నడక ఇంకా పాడవుతుంది. మందు ప్రభావం పగటిపూట బాగా ఎగుడుదిగుడుగా ఉన్నవారికి ఆ రోజు తినవలసిన మాంసకృత్తుల్లో ఎక్కువ భాగం రాత్రి భోజనానికి జరపమని వైద్యులు చెప్తారు. మిగతావారికి అంత పట్టింపు అక్కరలేదు. రక్తం తక్కువని ఐరన్ మాత్ర వాడుతుంటే దానికీ లెవోడోపాకూ కనీసం రెండు గంటల తేడా ఉంచాలి, ఐరన్ దాన్ని పట్టుకుని రక్తంలోకి పోనివ్వదు. నెమ్మదిగా కరిగే రకం మాత్రలను నూరడం, నమలడం చేయకూడదు.

ఏకాదశి, శివరాత్రి, రంజాన్ వంటి ఉపవాసాల్లో తిండి మానినా మాత్ర మానకూడదు, అసలు ఉపవాసం ఉండవచ్చా అన్నది కూడా ముందుగానే వైద్యుడిని అడగాలి. ఈ మందును ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు కట్టెలా బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణం మీదకు రావచ్చు. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రల్లో సగం చేతిసంచిలో, సగం పెట్టెలో పెట్టుకోవాలి. ఒక మోతాదు మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే ఏం చేయాలో ముందే వైద్యుడితో రాయించుకోవాలి. దానికి బదులుగా రెండు కలిపి వేయకూడదు.

అరగంటకో గడి

మొదటి కొన్నేళ్లు మాత్ర రోజంతా కాపాడుతున్నట్లే ఉంటుంది. తరవాత్తరవాత అది మూడు నాలుగు గంటలకే దిగిపోతుంది, ఇంకొన్నాళ్లకు మాత్ర బలంగా ఉన్న సమయంలో ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం మొదలవుతుంది. వణుకు ఒకే లయలో, విశ్రాంతిగా ఉన్న చేతిలో కనిపిస్తుంది. ఈ మెలికలు లయ లేకుండా, నాట్యం చేస్తున్నట్లు, మెడలో భుజంలో నడుములో కనిపిస్తాయి. ఇంట్లో వాళ్లు రెండింటినీ వణుకనే చెప్తారు. మొదటిది మందు చాలనందువల్ల, రెండోది మందు ఎక్కువైనందువల్ల వస్తుంది కనుక ఆ ఒక్క మాట తేడాతో వైద్యం తలకిందులవుతుంది. సెల్‌ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీసి చూపించడం అన్నిటికంటే మంచి పద్ధతి.

వైద్యుడి దగ్గరకు వెళ్లడానికి ముందు మూడు రోజుల పాటు ఒక కాగితం మీద అరగంటకో గడి చొప్పున గీసి నింపండి. మాటలు కూడా మేము మూడే పెట్టుకున్నాము: పట్టింది (మందు పనిచేస్తోంది), దిగింది (దాని ప్రభావం తగ్గిపోయింది), మెలికలు. నా దగ్గర దాచుకున్న ఒక కాగితంలో ఉదయం భాగం ఇలా ఉంది. 6:30, మాత్ర. 7:10, కుడి బొటనవేలు ఆగింది, పేపర్ పేజీ తానే తిప్పారు. 8:30, మెడ మెలికలు, ఇరవై నిమిషాలు. 9:45, మాట సన్నబడింది. 10:15, కుర్చీలోంచి లేవలేకపోయారు. 10:30, రెండో మాత్ర. 11:20 దాకా దిగే ఉంది. వైద్యుడు ఆ కాగితాన్ని నిమిషం సేపు చూసి, ఉదయం మోతాదు కొంచెం తగ్గించి, రెండో మాత్రను 9:45కి జరిపారు. నెలల తరబడి "కొంచెం తేడాగా ఉందండీ" అని మేము నోటితో చెప్పినదాని కంటే ఆ కాగితం ఎక్కువ చెప్పింది.

ఈ కాగితం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మాత్ర పట్టి ఉండే గంటలేవో తెలుస్తాయి కనుక స్నానం, గడ్డం, బ్యాంకు పని, ఫిజియోథెరపీ ఆ గంటల్లో పెట్టుకోవచ్చు. మా తమ్ముడు అమెరికాలో ఉంటాడు. వాడు ఇష్టం వచ్చినప్పుడు ఫోన్ చేసే రోజుల్లో తెర మీద నాన్నగారి ముఖం కదలకుండా, మాట వినబడకుండా ఉండేది, వాడు ఆయనకు తన మీద కోపమనుకుని బాధపడేవాడు. ఈ జబ్బులో ముఖ కండరాలు కూడా బిగుసుకుపోతాయి, లోపల సంతోషం ఉన్నా ముఖం మీదకు రాదు. ఇప్పుడు ఇక్కడి ఉదయం 7:30కి, మందు పట్టాక, చేస్తాడు. ఇద్దరూ నవ్వుకుంటారు.

వేయకూడని మందులు

ఈ భాగం కోసమే ఈ వ్యాసం మొదలుపెట్టానని చెప్పినా అబద్ధం కాదు. నాలుగేళ్ల క్రితం నాన్నగారికి వాంతులై ఒక ఆసుపత్రిలో చేర్చాము. పార్కిన్సన్స్ ఉందని చెప్పాము, చీటీ మీద రాసుకున్నారు కూడా. అయినా వాంతులు తగ్గడానికి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ రెండు రోజులు ఇచ్చారు, మూడో రోజుకు ఆయన మంచంలో పక్కకు కూడా తిరగలేకపోయారు. వయసు మీద పడింది, జబ్బు ముదిరింది అన్నారు. ఆ మందు ఆపించి, ఆయన మామూలు మనిషి కావడానికి మూడు వారాలు పట్టింది.

మెదడులో ఉన్న కొద్దిపాటి డోపమిన్‌ను కూడా పనిచేయనివ్వని మందులు కొన్ని ఉన్నాయి, వాటిలో చాలా వరకు పెద్ద జబ్బులకు కాక చిన్న చిన్న బాధలకు ఇచ్చేవి కావడం వల్లనే ప్రమాదం. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్; కళ్లు తిరగడానికి ఇచ్చే సినరిజిన్; మైగ్రేన్‌కు, కళ్లు తిరగడానికి ఇచ్చే ఫ్లునరిజిన్; మతిభ్రమకు ఇచ్చే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, ఒలాంజపిన్ ఇటువంటివి. మన దేశంలో తెలియకుండానే ఇళ్లలోకి వచ్చే ఇంకో మందు లెవోసల్పిరైడ్. అది ఎక్కువగా విడిగా రాదు. గ్యాస్ మాత్ర అనే పేరుతో పాంటోప్రజోల్, రాబెప్రజోల్ వంటివాటితో కలిసిన గొట్టం మాత్రలో (క్యాప్సూల్‌లో) ఉంటుంది, షాపులో అడిగితే చీటీ లేకుండా కూడా ఇచ్చేస్తారు. జబ్బు లేనివారికి కూడా నెలల తరబడి వాడితే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించగల మందు అది. గ్యాస్ మాత్ర కొన్న ప్రతిసారీ అట్ట వెనక ఉన్న పేరు పూర్తిగా చదవాలి. వాంతులకు సాధారణంగా డోమ్‌పెరిడోన్ ఇస్తారు, అది కూడా గుండె సంగతి చూసుకుని వైద్యుడు చెప్తేనే వేయాలి.

ఈ పేర్లన్నీ తెలుగులో, ఇంగ్లీషులో ఒక అట్ట మీద రాసి, ఆయన వాడే మాత్రలు, వేళలు వెనక వైపు రాసి లామినేట్ చేయించాము. ఆయన జేబులో ఒకటి, నా ఫోన్ కవరులో ఒకటి ఉంటాయి. ఆసుపత్రిలో చేరవలసి వస్తే ఇంటి మాత్రలు వెంట తీసుకువెళ్లి, నర్సు మందుల బండి వచ్చే వేళకు కాకుండా ఆయన వేళకే ఇవ్వాలని మొదటి గంటలోనే డ్యూటీ డాక్టరుతో చెప్పి కాగితం మీద రాయించాలి. ఆపరేషన్ ముందు పరగడుపున ఉండమంటే మత్తు వైద్యుడిని అడగండి. చాలా సందర్భాల్లో గుక్కెడు నీళ్లతో ఈ మాత్ర వేయనిస్తారు.

దూలగొండి పొడి గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయుర్వేదం కంపవాతానికి వాడిన ఈ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు 1937లోనే దాన్ని వేరుచేసి చూపించారు. అందువల్లనే మాత్ర వేసుకుంటూ పైన ఈ పొడి కలిపితే మోతాదు పెరిగినట్లే లెక్క, ఒక్కో పొడిలో ఎంత ఉందో తెలియదు. వాడాలనుకుంటే నరాల వైద్యుడికి చెప్పి వాడండి, దాచి వాడకండి.

గడప దగ్గర

మందు దిగే సమయంలో నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోతాడు, పాదాలు నేలకు అతికించినట్లు ఉండిపోతాయి. ఇది ఎక్కువగా ద్వారబంధాల దగ్గర, ఇరుకు సందుల్లో, వెనక్కి తిరగబోయినప్పుడు జరుగుతుంది. మా ఇంట్లో అది వంటింటి గడప. ఆయన అక్కడ ఆగిపోగానే అమ్మ కంగారుగా చేయి పట్టుకుని లాగేది. అలా లాగితే ఒళ్లు ముందుకు వస్తుంది, పాదాలు రావు, మనిషి బోర్లా పడతాడు. ఒకసారి పడ్డారు కూడా.

ఇప్పుడు చేసేది ఇది. ఆగిపోయినప్పుడు ముందు పూర్తిగా ఆగాలి, నడవాలనే ప్రయత్నం మానాలి. నిటారుగా నిలబడి ఒక ఊపిరి తీసుకోవాలి. బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు రెండు మూడు సార్లు మార్చాలి. తరవాత ఎదుట నేల మీద ఒక గీత ఉన్నట్లు, దాన్ని దాటుతున్నట్లు మోకాలు పైకెత్తి పెద్ద అడుగు వేయాలి. గీత నిజంగా ఉంటే ఇంకా మంచిది: గడపకు ఇటు మూడు, అటు మూడు, అడుగుకొకటి చొప్పున పసుపు టేపు అడ్డంగా అతికించాము. మామూలు నడకను మనకు తెలియకుండా నడిపే భాగం ఈ జబ్బులో దెబ్బతింటుంది, కళ్లతో చూసి గీత దాటే పనిని మెదడు వేరే దారిన నడిపిస్తుంది కనుక కాలు లేస్తుంది. చెవి కూడా అలాగే సాయపడుతుంది. నాన్నగారు ఒకప్పుడు రామాలయంలో తాళాలు వాయించేవారు; నేను పక్కన నిలబడి భజన చరణం ఎత్తుకుని తొడ మీద తాళం వేస్తే మూడో దెబ్బకు అడుగు పడుతుంది. పాట రానివాళ్లు ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టినా చాలు.

వెనక్కి తిరిగేటప్పుడు ఒక కాలి మీద గిరుక్కున తిరగకూడదు, బండి మలుపు తీసుకున్నట్లు చుట్టూ చిన్న అడుగులతో తిరగాలి. రెండు చేతులతో సామాను మోయకూడదు. నడుస్తున్న మనిషిని వెనక నుంచి పిలవడం, ప్రశ్న అడగడం మానేయాలి, ఎందుకంటే నడక మీద పెట్టిన దృష్టి మాట మీదకు పోగానే కాలు తడబడుతుంది. గుమ్మాల్లో గోనెపట్టాలు, గుడ్డ పట్టాలు తీసేయండి. హవాయి చెప్పులు, ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు మాని, మడమ వెనక పట్టీ ఉన్న చెప్పులు వాడండి.

మంచం, కుర్చీ, స్నానాల గది

నవారు మంచం, నులక మంచం ఈ జబ్బుకు పనికిరావు. నడుము గుంతలోకి దిగిపోయాక పక్కకు తిరగడం, లేవడం రెండూ అసాధ్యం. మోకాలి ఎత్తున గట్టి పరుపు ఉన్న మంచం, చేతులున్న గట్టి కుర్చీ కావాలి. కుర్చీలోంచి లేవాలంటే ముందు అంచుకు జరిగి, పాదాలను మోకాళ్ల కంటే వెనక్కి లాగి, ముక్కు కాలి వేళ్ల మీదకు వచ్చేదాకా ముందుకు వంగి, అప్పుడు చేతులతో నెట్టుకుని లేవాలి. పక్క మీద నడుము కింద భాగంలో ఒక పాత పట్టు పంచె అడ్డంగా పరిస్తే ఒళ్లు జారి ఒత్తిగిలడం సులువవుతుంది. పాదాల దగ్గర మాత్రం నూలు దుప్పటి ఉండాలి, తన్నుకోవడానికి పట్టు దొరకాలి.

పడుకుని లేచినప్పుడు చాలామందికి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. జబ్బు, మందు రెండూ దీనికి కారణాలే. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన మూడు నిమిషాల లోపు ఒకసారి చూడండి. పై అంకె 20 లేదా అంతకంటే ఎక్కువ తగ్గితే ఆ అంకెలు రాసి వైద్యుడికి చూపించండి, పాత బీపీ మాత్రల మోతాదు తగ్గించవలసి రావచ్చు. మంచం అంచున రెండు నిమిషాలు కూర్చుని, కాళ్లు ఆడించి, అప్పుడు నిలబడాలి.

స్నానం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే చేయాలి, ఆ కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులుండాలి. గోడకు స్టీలు పట్టె బిగించాలి. తువ్వాలు ఆరేసే కడ్డీ మనిషి బరువు ఆపదు. పంచె, లుంగీ కాళ్లకు అడ్డం పడతాయి కనుక ఎలాస్టిక్ పైజామాకు మారడం మంచిది. చొక్కా తొడిగేటప్పుడు బిగుసుగా ఉన్న చేతికి ముందు, విప్పేటప్పుడు ఆ చేతికి చివర.

ముద్ద, గొంతు, కడుపు

మింగడం మందగించాక మొదట ఇబ్బంది పెట్టేవి గట్టి పదార్థాలనుకుంటాము. చాలామందికి పలచనివే ఎక్కువగా పొలమారుతాయి. చారన్నంలో మెతుకులు, నీళ్లు వేర్వేరుగా గొంతులోకి వెళ్తాయి, మింగే వేగం చాలదు. మజ్జిగ కంటే పెరుగన్నం, పలచని చారు కంటే ముద్దపప్పో చిక్కటి పులుసో, పొడి కూర కంటే నేతితో మెత్తగా కలిపిన ముద్ద నయం. మంచంలో ఆనుకుని తినకూడదు, నిటారుగా కూర్చోవాలి, గడ్డాన్ని కొంచెం ఛాతీ వైపు వంచి మింగాలి, తిన్న అరగంట దాకా పడుకోకూడదు. తింటూ టీవీ, మాటలు వద్దు. అన్నం తిన్నాక గొంతు గరగరమన్నా, మాటిమాటికీ దగ్గు వచ్చినా, జ్వరం వచ్చినా తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందేమోనని వెంటనే చూపించాలి. అంచున్న లోతు కంచం, బరువైన స్టీలు గ్లాసు, గ్లాసులో సగం నీళ్లు. చేత్తో తినడమే ఆయనకు తృప్తి, చెంచా ఇస్తే తక్కువ తింటారు; అందుకే ముద్దలు కలిపి కంచంలో పెడతాము, ఎత్తుకోవడం ఆయన పని.

గొంతు సన్నబడిన సంగతి రోగికి తెలియదు, తాను మామూలుగానే మాట్లాడుతున్నాననుకుంటాడు. "గట్టిగా మాట్లాడు" అని విసుక్కునే బదులు రోజూ సాధన పెట్టాలి: "ఆ..." అని గట్టిగా ఎంతసేపు వీలైతే అంతసేపు, పది సార్లు. తరవాత చిన్నప్పుడు కంఠతా వచ్చిన పద్యాలు, అవతలి గదిలో ఉన్నవాళ్లకు వినబడేటట్లు. పద్యం మన పెద్దవాళ్లకు దొరికిన గొప్ప సౌకర్యం. మాట వెతుక్కోనక్కరలేదు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో పాదమే చెప్తుంది.

మలబద్ధకం ఈ జబ్బులో వణుకు కంటే కొన్నేళ్లు ముందే మొదలవవచ్చు, తరవాత కూడా వదలదు. కడుపు కదలకపోతే మాత్ర కూడా సరిగా పట్టదు. ఆకుకూరలు, జామ, బొప్పాయి, తగినన్ని నీళ్లు, రోజూ ఒకే వేళకు కూర్చోవడం, చాలకపోతే ఇసబ్‌గోల్‌తో పాటు వైద్యుడు రాసిన విరేచన మందు. మూడు రోజుల పైన ఆగనివ్వకూడదు. వాసన తెలియకపోవడం కూడా ఈ జబ్బు లక్షణమే కనుక గ్యాస్ పొయ్యి దగ్గర ఒంటరిగా ఉండే రోగుల విషయంలో జాగ్రత్తపడాలి.

రాత్రి, మనసు

నిద్రలో కేకలు పెట్టడం, చేతులు కాళ్లు విసరడం, మంచం మీద నుంచి పడడం కలలకు ఒళ్లు స్పందించడం వల్ల జరుగుతుంది. మంచం గోడకు జరిపి, రెండో వైపు కింద పరుపు వేసి, వైద్యుడికి చెప్పాలి. దీనికి మందు ఉంది. సాయంత్రం వేళ గదిలో పిల్లలు తిరుగుతున్నారనో, మూల పిల్లి కూర్చుందనో అంటే అది గాలి సోకడం కాదు. జబ్బు వల్ల గానీ, మందుల వల్ల గానీ, మూత్రంలో ఇన్ఫెక్షన్ వల్ల గానీ అలా కనబడుతుంది. వాదించకుండా లైటు వేసి, పక్కన కూర్చుని, మర్నాడే వైద్యుడితో మాట్లాడాలి. వణుకుకు వాడే ట్రైహెక్సీఫెనిడిల్ ముసలివాళ్లలో మతిమరుపును, ఈ భ్రాంతులను పెంచుతుంది కనుక అది చీటీలో ఉంటే ఇంకా అవసరమేనా అని అడగండి.

డోపమిన్ లాగే పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ అనే మాత్రలు వాడుతున్నవారిలో కొందరికి అదుపులేని కోరికలు పుడతాయి: ఆన్‌లైన్ రమ్మీ, లాటరీ, అక్కరలేని కొనుగోళ్లు, కామవాంఛ. పరువు గల మనిషి రహస్యంగా డబ్బు పోగొట్టుకుంటుంటే ఇంట్లోవాళ్లు స్వభావం చెడిందనుకుంటారు. అది మందు చేసే పని, మందు తగ్గిస్తే సాధారణంగా తగ్గుతుంది. ఆ మందు మొదలుపెట్టిన రోజునే ఈ సంగతి రోగితో, భార్యతో లేదా భర్తతో మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, దానికి వైద్యం ఉంది.

వ్యాయామం ఎంత చెప్పినా తక్కువే. మందు పట్టిన గంటలో వారానికి కనీసం అయిదు రోజులు అరగంట చొప్పున, ఊపిరి కొంచెం ఎగసేంతగా చేయాలి: చేతులు పెద్దగా ఊపుతూ నడక, ఒకే చోట నిలిచి ఉండే స్టాండు సైకిలు, భుజాలు వెనక్కి విరిచే కసరత్తులు. కదలికలు పెద్దవిగా చేయడమే ఇందులో కిటుకు, ఎందుకంటే ఈ జబ్బు అడుగును, అక్షరాన్ని, గొంతును అన్నిటినీ చిన్నవిగా చేస్తుంది.

మందులతో మొదట బాగా తేరుకుని, తరవాత ఎగుడుదిగుళ్లు, మెలికలు అదుపు కానివారికి మెదడులో తీగలు అమర్చే డీబీఎస్ శస్త్రచికిత్స గురించి అడగవచ్చు. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తున్నారు. వణుకును మినహాయిస్తే, సాధారణంగా లెవోడోపాకు తగ్గే లక్షణాలే దానికీ తగ్గుతాయి. తూలిపోవడం, మతిమరుపు, మాట సన్నబడడం దానితో బాగుపడతాయని ఆశపడకూడదు.

కాగితాలు

అక్షరం చిన్నదవుతూ పోవడం వల్ల బ్యాంకులో సంతకం కలవదు. ఖాతాను ముందే ఉమ్మడి ఖాతాగా మార్చుకోవడం, కొత్త సంతకం నమోదు చేయించడం, అవసరమైతే వేలిముద్రతో నడిచేటట్లు రాయించుకోవడం జబ్బు మొదట్లోనే చేయాలి. పింఛనుదార్ల జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర పడకపోతే ముఖం గుర్తింపు పద్ధతి ఉంది, సెల్‌ఫోన్‌లో ఇంటి నుంచే చేయవచ్చు. దాన్ని కూడా మాత్ర పట్టిన వేళకు పెట్టుకోండి, రెప్ప వేయమన్నప్పుడు వేయగలగాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పార్కిన్సన్స్‌ను వైకల్యంగా చేర్చారు. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్లు వైద్య మండలి ధ్రువీకరిస్తే ప్రయోజనాలకు అర్హత వస్తుంది. పరీక్షకు వెళ్లే రోజు రోగి మాత్ర పట్టి ఉండి చక్కగా నడిచి చూపించడం, తరవాత శాతం తక్కువ రావడం చాలా ఇళ్లలో జరిగేదే. అరగంట గడుల కాగితం, మందు దిగినప్పటి వీడియో వెంట ఉంచుకుని, రెండు స్థితులూ చూడమని మర్యాదగా అడగండి.

ఇక చూసుకునే మనిషి సంగతి. మా ఇంట్లో ఆ మనిషి అమ్మ, ఆమెకు డెబ్బై దాటాయి. రాత్రి మూడు సార్లు లేచే మనిషి పగలు ఓపికగా ఉండలేదు. నెలకు నాలుగు రోజులైనా వేరే ఎవరైనా ఆ పని అందుకోవాలి, అలా అందుకోవాలంటే ఆమె తలలో ఉన్నదంతా కాగితం మీదకు రావాలి. ఫ్రిజ్ తలుపు మీద మేము అతికించిన కాగితంలో మాత్రల వేళలు, టిఫిన్ వేళ, గడప దగ్గర ఏం చేయాలో, ఏ మందు వేయించకూడదో, ఏ భజన ఎత్తుకుంటే కాలు కదులుతుందో అన్నీ ఉన్నాయి. పోయిన శ్రావణంలో మా పిన్ని వచ్చి ఆ కాగితం చూసుకుంటూ మూడు రోజులు ఆయన్ను చూసుకుంది. అమ్మ ఆ మూడు రోజులూ తన అక్క ఇంట్లో ఉండి, రెండు రాత్రులు తెల్లవారేదాకా నిద్రపోయి వచ్చింది.